జాగ్రత్త అనే మాట ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఇంటి కంప్యూటర్ల భద్రత గురించి వచ్చిన వ్యాసం చదివాను. మంచి యాంటీవైరస్ పెట్టుకోవాలని, తెలియని లింకులు నొక్కకూడదని, మొత్తానికి జాగ్రత్తగా ఉండాలని రాశారు. చెప్పినవన్నీ నిజమే. కాని చదివి లేచిన మనిషి తన కంప్యూటర్ ముందు కూర్చుని మొదట ఏ పని చేయాలో అందులో లేదు. పైగా జాగ్రత్త లేనివాళ్లకే ఇలాంటివి జరుగుతాయన్న భావం అడుగడుగునా కనిపించింది. ఆ మాట నన్ను నొప్పించింది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, మన్నించాలి.

నేను ప్రూఫ్ రీడర్‌ని. 19 ఏళ్లుగా ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాను. ఒత్తు జారినా, దీర్ఘం పోయినా వెంటనే కంటికి తగులుతుంది. జాగ్రత్తే నా జీవనాధారం. అలాంటి నేను 2023 నవంబరులో ఒక రాత్రి, దొంగను చేయి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చాను.

మరునాటికి అప్పజెప్పవలసిన పుస్తకం అది. రచయిత పంపిన ఫైలు ఎప్పుడో పాత ఫాంటులో టైపు చేసింది కావడంతో తెరవగానే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపించాయి. పాత ఫాంటును కొత్తదానిలోకి మార్చే సాఫ్ట్‌వేర్ కోసం ఇంటర్నెట్‌లో వెతికాను. అన్నిటికన్నా పైన వచ్చినదాన్ని నొక్కాను. అది డబ్బు కట్టి పైన పెట్టించుకున్న ప్రకటన అని గమనించలేదు. జిప్ ఫైలు దిగింది. దానికి పాస్‌వర్డ్ ఉంది, ఆ పాస్‌వర్డ్ పక్కనే రాసి ఉంది. తాళమూ తాళంచెవీ కలిపి ఎందుకు ఇస్తారని ఆ క్షణంలో అనుమానం రాలేదు. లోపల ఏముందో యాంటీవైరస్‌కు కనిపించకుండా ఉండడానికే ఆ తాళం. దానితోపాటు ఒక చిన్న సూచనల కాగితం కూడా ఉంది: ‘ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్‌ను ఆపండి, లేకపోతే పొరపాటున హెచ్చరిక వస్తుంది.’ ఆపాను. తెర మసకబారి, ఈ ప్రోగ్రామ్ మార్పులు చేయడానికి అనుమతిస్తారా అని విండోస్ అడిగింది. తయారుచేసినవారు ఎవరో తెలియదని కూడా పసుపు రంగులో చూపించింది. అవును అని నొక్కాను.

ఏమీ జరగలేదు. ప్రోగ్రామ్ తెరుచుకోనేలేదు. పనికిరాని సరుకు అనుకుని, రచయితకు ఫోను చేసి, వేరే రూపంలో ఫైలు తెప్పించుకుని పని పూర్తి చేశాను. యాంటీవైరస్‌ను తిరిగి నడిపించడం మరిచిపోయాను.

మూడో రోజు ఉదయం ఫైళ్ల పేర్ల చివర తెలియని అక్షరాలు చేరి ఉన్నాయి. ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒకే ఉత్తరం: 72 గంటల్లో డబ్బు కట్టకపోతే తాళంచెవి దొరకదు అని. ప్రూఫులు పోయినందుకు నాకు పెద్ద బాధ లేదు, రచయితల దగ్గర ప్రతులు ఉన్నాయి. పోయినవి రెండు. ఒకటి, 11 ఏళ్లుగా నేను రాసుకుంటూ వచ్చిన పదాల పట్టిక. దిద్దే పుస్తకాల్లో అరుదైన మాట ఎదురైనప్పుడల్లా అది వాడిన వాక్యంతో సహా ఎక్కించుకునేదాన్ని. ఆరు వేలు దాటాయి. రెండోది, మా నాన్నగారి ఉత్తరాలు. అసలు కాగితాలు చెదలు పట్టి పోయాక మిగిలినవి ఆ స్కాన్ ప్రతులే.

నాకు బ్యాకప్ లేక కాదు. బయటి హార్డ్ డిస్కు ఉంది. అది రాత్రింబగళ్లు కంప్యూటర్‌కు తగిలించే ఉండేది. కంప్యూటర్‌కు కనిపించేదల్లా అందులో చొరబడిన ప్రోగ్రామ్‌కూ కనిపిస్తుంది. ఆ డిస్కుకు కూడా తాళం వేసేసింది. మీ వ్యాసంలో ‘బ్యాకప్ తీసుకోండి’ అని ఒక వాక్యం ఉంది. తీసుకున్నాక ఊడదీసి పక్కన పెట్టండి అన్న మాట లేదు. నా మటుకు ప్రాణం అంతా ఆ లేని మాటలోనే ఉంది.

మా అక్క కూతురికి ఈ పని తెలుసు. ఫోను చేయగానే, ‘పిన్నీ, ముందు ఇంటర్నెట్ వైరు తీసెయ్యి, డిస్కు ఊడదియ్యి, ఆ కంప్యూటర్‌లోంచి ఒక్క పాస్‌వర్డ్ కూడా మార్చకు’ అంది. ఆ మూడో మాట వినేసరికే ఆలస్యమైపోయింది. భయంతో అప్పటికే మెయిల్ పాస్‌వర్డ్‌ను అదే కంప్యూటర్‌లో మార్చేశాను. అంటే కొత్త తాళంచెవిని కూడా దొంగ కళ్లముందే చేయించాను. ఆ మరునాడు నా మెయిల్‌లోంచి నాకు తెలిసినవాళ్లకు నేను రాయని ఉత్తరాలు వెళ్లాయి. ఫోనుకు వచ్చే కోడ్ కూడా పెట్టుకున్నాను కదా, ఎలా దూరారు అని అడిగాను. ఒకసారి లాగిన్ అయ్యాక బ్రౌజర్ ఒక గుర్తును దాచుకుంటుందట, దాన్ని కుకీ అంటారు. ఆ గుర్తును ఎత్తుకుపోతే పాస్‌వర్డ్ అక్కరలేదు, కోడ్ కూడా అక్కరలేదు. నేను ఏమీ జరగలేదు అనుకున్న ఆ రెండు రోజుల్లో ఆ ప్రోగ్రామ్ చేసిన పని అదే. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లూ, ఈ గుర్తులూ మూటకట్టి పంపింది. అలాంటప్పుడు శుభ్రంగా ఉన్న వేరే కంప్యూటర్ నుంచో ఫోను నుంచో పాస్‌వర్డ్ మార్చాలి. అన్ని పరికరాల్లోనూ లాగౌట్ చేయించే మీట కూడా నొక్కాలి. ఎక్కువమంది ఆ రెండో పని మరిచిపోతారు.

డబ్బు కట్టలేదు. కడితే తాళంచెవి ఇస్తారన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. 2017 జూన్‌లో వ్యాపించిన నాట్‌పెట్యా అనే ఇలాంటి ప్రోగ్రామ్ కూడా డబ్బు అడిగింది, కాని కట్టినవాళ్ల ఫైళ్లను తిరిగి ఇచ్చే దారే అందులో లేదు. అది పాడుచేయడానికి మాత్రమే రాసినది. యూరోపోల్ అనే ఐరోపా దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ, డచ్ పోలీసులు, కొన్ని భద్రతా సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ అనే వెబ్‌సైట్ ఒకటి ఉంది. తాళం పడిన ఫైలును అక్కడ చూపిస్తే అది ఏ రకమో చెబుతుంది. ఆ రకానికి తాళంచెవి దొరికి ఉంటే ఉచితంగా ఇస్తుంది. నా రకానికి దొరకలేదు. అయినా తాళం పడిన ఫైళ్లను పారేయలేదు. ఒక డిస్కులోకి ఎక్కించి సొరుగులో పెట్టాను. పోలీసులకు దొంగల సర్వర్లు చిక్కినప్పుడు ఏళ్ల తరువాత కూడా తాళంచెవులు బయటపడ్డ సందర్భాలు ఉన్నాయి. అదే సొరుగులో మరిచిపోయిన పెన్ డ్రైవ్ ఒకటి దొరికింది. అందులో 14 నెలల కిందటి పదాల పట్టిక ఉంది. దాన్ని చూసి ఏడ్చాను. నాన్నగారి ఉత్తరాలు అందులో లేవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనిషి అలసిపోతాడు, తొందరపడతాడు, నమ్ముతాడు. దొంగలు ఎదురుచూసేది ఆ గడియ కోసమే. 2000 మే నెలలో ఐ లవ్ యూ అనే పురుగు, అంటే తనంతట తానే పాకే హానికరమైన ప్రోగ్రామ్, మెయిళ్లలో వచ్చి ప్రపంచమంతా లక్షల కంప్యూటర్లకు పాకింది. అది తెలియనివాళ్ల నుంచి రాలేదు. సోకిన కంప్యూటర్‌లోని చిరునామాల పుస్తకంలో ఉన్నవాళ్లందరికీ తనంతట తానే వెళ్లింది కాబట్టి తెలిసినవాళ్ల పేరుతోనే వచ్చింది. ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని కనిపించేసరికి మామూలు రాత ఫైలు అనుకుని తెరిచారు. ఆ తరువాత ఇంకో చుక్క, ఇది ప్రోగ్రామ్ అని తెలిపే వీబీఎస్ అనే అసలు తోక ఉన్నాయి, కాని విండోస్ ఆ తోకను దాచిపెట్టింది. ఇందులో జాగ్రత్త లేనిది ఎవరు? అంతకు ముందు, 1989లో, ఎయిడ్స్ గురించిన సమాచారం అంటూ దాదాపు 20,000 ఫ్లాపీ డిస్కులు పోస్టులో పంపారు. వాటిలోని ప్రోగ్రామ్, కంప్యూటర్‌ను 90 సార్లు ఆన్ చేసేదాకా ఊరుకుని, ఆ తరువాత ఫైళ్ల పేర్లను గందరగోళం చేసి, పనామాలోని ఒక పోస్టు బాక్సుకు 189 డాలర్లు పంపమని అడిగింది. అందుకున్నవాళ్లలో వైద్యులు, పరిశోధకులు ఉన్నారు.

నాట్‌పెట్యా సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. అది మొదట ఉక్రెయిన్‌లో పన్నుల లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాగి వచ్చింది. అప్‌డేట్ చేసుకోండి అన్న మంచి సలహా పాటించినవాళ్లే మొదట దెబ్బతిన్నారు. అంతకు నెల ముందు, 2017 మే 12న మొదలైన వాన్నాక్రై అనే ఇంకో ప్రోగ్రామ్ ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే నెట్‌వర్క్ మీదుగా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకి, 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. అది దూరిన విండోస్‌లోని కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. కాబట్టి నాట్‌పెట్యాను చూసి అప్‌డేట్లకు భయపడకూడదు. అప్‌డేట్ వల్ల ముప్పు రావడం ఎప్పుడో ఒకసారి, చేయకపోవడం వల్ల రావడం తరచు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంకా దాన్నే వాడుతున్న ఇళ్లవాళ్లు తమ కంప్యూటర్ విండోస్ 11కు మారగలదో లేదో చూసుకోవాలి. మారలేనిదైతే పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసుకోవాలి, లేదా అప్‌డేట్లు అందే లినక్స్ వంటి వేరే వ్యవస్థకు మారాలి.

యాంటీవైరస్ గురించి రెండు మాటలు. విండోస్ 8 నుంచి అది విండోస్‌తోనే వస్తోంది, సాధారణ ఇంటికి చాలు. రెండు మూడు కలిపి పెడితే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. ఎంత మంచిదైనా అన్నిటినీ తప్పక పట్టుకునే ప్రోగ్రామ్ రాయడం అసాధ్యమని ఫ్రెడ్ కోహెన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1980లలోనే గణితంతో నిరూపించాడు. దాన్ని వాడవద్దని నేను అనడం లేదు. అది ఉంటే చాలన్న భావం మీ వ్యాసం చదివినవాళ్లకు కలుగుతుందనే ఇది రాస్తున్నాను. ఒక్కటి మాత్రం నేను మా ఇంట్లో గోడ మీద రాసి అంటించాను: కాపలాదారును బయటకు పంపమని అడిగే ఏ ప్రోగ్రామ్‌నూ లోపలికి రానివ్వకూడదు.

తప్పు జరుగుతుంది అని ముందే ఒప్పుకుని, జరిగినా ఇల్లు కూలకుండా ఏర్పాటు చేసుకోవాలన్నది నా వాదం. నేను చేసుకున్నవి చెబుతాను.

కంప్యూటర్‌లో రెండు ఖాతాలు పెట్టాను. రోజూ పని చేసేది స్టాండర్డ్ యూజర్ ఖాతా. అడ్మినిస్ట్రేటర్ ఖాతా వేరు, దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పక్క గదిలో బీరువాలో పెట్టాను. ఇంతకు ముందు ‘అవును’ అని నొక్కితే సరిపోయేది. ఇప్పుడు ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే కుర్చీలోంచి లేచి బీరువా దాకా నడవాలి. ఆ నడకలో బుద్ధి తిరిగి వస్తుంది. ఈ ఏడాదిలో మూడుసార్లు సగం దారిలో వెనక్కి వచ్చాను. అయితే ఒక సంగతి దాచకూడదు. స్టాండర్డ్ ఖాతా వల్ల కంప్యూటర్ వ్యవస్థకు, ఇంట్లో మిగతావాళ్ల ఖాతాలకు రక్షణ ఉంటుంది. నా సొంత ఫైళ్లను మాత్రం నా ఖాతాలో నడిచే ఏ ప్రోగ్రామ్ అయినా పాడుచేయగలదు. దానికోసం విండోస్ సెక్యూరిటీలో ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అనే మీట ఉంది. మామూలుగా ఆపి ఉంటుంది. నడిపిస్తే, నమ్మకం లేని ప్రోగ్రామ్‌లను మన డాక్యుమెంట్ల జోలికి రానివ్వదు. మొదటి వారం కొన్ని మంచి ప్రోగ్రామ్‌లను కూడా అడ్డుకుని విసిగించింది, వాటిని ఒక్కొక్కటిగా అనుమతించాను.

ఇక బ్యాకప్. రెండు డిస్కులు, ఒక శుక్రవారం ఒకటి, మరుసటి శుక్రవారం ఇంకొకటి. ఎక్కించడం అయిపోగానే ఊడదీసి సొరుగులో పెడతాను. ఒక డిస్కు కంప్యూటర్‌కు తగిలి ఉన్న సమయంలో ప్రమాదం జరిగినా రెండోది సొరుగులోనే ఉంటుంది. ఎంత పోయినా ఒక వారం పని పోతుంది, 11 ఏళ్ల పని పోదు. ఇంటర్నెట్‌లో దాచుకునే సౌకర్యం కూడా వాడుతున్నాను, కాని దాన్నే బ్యాకప్ అనుకోవడం లేదు. ఇంట్లో ఫైలు పాడైతే అక్కడి ప్రతి కూడా వెంటనే పాడైన రూపంలోకి మారిపోతుంది. పాత రూపాలను కొన్నాళ్లు ఉంచే సేవలు ఉన్నాయి, ఎన్నాళ్లు ఉంచుతాయో ముందే తెలుసుకుని పెట్టుకోవాలి.

బ్యాకప్ విషయంలో అందరూ వదిలేసే పని ఒకటి ఉంది, తిరిగి తీసి చూడడం. మొదటి నెల చివర నేను డిస్కులోంచి కొన్ని ఫైళ్లు తెరిచి చూశాను. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ వచ్చాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి ఒక్కటీ రాలేదు. నేను పని చేస్తున్న పుస్తకాలన్నీ ఉండేది డెస్క్‌టాప్ మీదే. నాలుగు వారాలు క్రమం తప్పకుండా బ్యాకప్ తీశాను, తీయవలసినవి తీయలేదు. ఇప్పుడు నెలకు ఒకసారి ఏవో ఐదు ఫైళ్లు ఎంచుకుని, డిస్కులోంచి తెరిచి, చివరి పేజీ దాకా చూస్తాను.

ఫైలు పేర్ల తోకలు కనిపించేలా పెట్టుకోవడం ఒక నిమిషం పని. విండోస్ 11లో అయితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’, అందులో ‘షో’, అందులో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’. ఆ తరువాత పీడీఎఫ్ బొమ్మ వేసుకుని వచ్చిన ఫైలు చివర ఈఎక్స్‌ఈ అని, అంటే ప్రోగ్రామ్ అని, ఉంటే దాని వేషం తెలిసిపోతుంది. రౌటర్‌కు దానితో వచ్చిన పాస్‌వర్డ్ మార్చడం కూడా అంతే చిన్న పని.

ఈ మధ్య వచ్చిన ఒక మోసం గురించి మీరు తప్పక రాయాలి. వెబ్ పేజీలో ‘మీరు మనిషేనని నిరూపించండి’ అని వస్తుంది. బొమ్మలు ఎంచుకోమనడానికి బదులు, కీబోర్డు మీద విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కమంటుంది (అది కంప్యూటర్‌కు ఆదేశాలు ఇచ్చే పెట్టెను తెరుస్తుంది), తరువాత కంట్రోల్, వీ కలిపి నొక్కమంటుంది, చివరికి ఎంటర్ అంటుంది. పేజీ అంతకు ముందే రహస్యంగా ఒక ఆదేశాన్ని కాపీ చేసి పెడుతుంది. అలా మూడుసార్లు నొక్కి మనమే దాన్ని మన కంప్యూటర్‌కు ఇస్తాం. ఏ ఫైలూ దిగినట్టు కనిపించదు. మా అక్క కూతురు నాకు చూపించినప్పుడు నా చేయి వణికింది, ఎందుకంటే తెలియకపోతే నేను చేసి ఉండేదాన్ని. మనిషేనని నిరూపించడానికి ఏ నిజమైన పేజీ కూడా అలా అడగదు. ‘మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లు ఉన్నాయి, ఈ నంబరుకు ఫోను చేయండి’ అని తెర నిండా అరిచే పేజీ కూడా మోసమే. ఆ నంబరుకు చేయకుండా బ్రౌజర్‌ను మూసేస్తే చాలు. మూత పడకపోతే కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వెలిగించవచ్చు.

ఇంట్లో ఎవరైనా ‘ఏదో నొక్కాను, ఏమో జరిగింది’ అని చెబితే తిట్టకూడదన్నది నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట. తిడతారని భయపడినవాళ్లు దాచిపెడతారు. నేను కూడా ఆ రాత్రి ప్రోగ్రామ్ తెరుచుకోలేదన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంత చదివిన దాన్ని ఇలా చేశానా అని సిగ్గుపడ్డాను. ఆ రాత్రే మా అక్క కూతురికి ఫోను చేసి ఉంటే ఇంటర్నెట్ వైరు ఊడదీయడానికి రెండు రోజుల వ్యవధి ఉండేది, నాన్నగారి ఉత్తరాలు బహుశా మిగిలేవి. మీ వ్యాసం ఆ సిగ్గునే పెంచుతుంది. దయచేసి అలా రాయకండి.

నా మనవి ఒక్కటే. ఒకే వ్యాసంలో అన్నీ చెప్పే బదులు వారానికి ఒక పని చొప్పున వేయండి. ఒక వారం రెండు ఖాతాలు, ఒక వారం డిస్కు ఊడదీయడం, ఒక వారం ఫైళ్ల తోకలు. తెర మీద ఏ మాట కనిపిస్తుందో, ఎక్కడ నొక్కాలో అక్షరం తప్పు పోకుండా రాయండి, ఎందుకంటే చదివేవాళ్లు ఆ కాగితాన్ని కంప్యూటర్ పక్కన పెట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తారు. ఒక్క మాట తారుమారైనా అక్కడే ఆగిపోతారు. ఆ శీర్షికకు ప్రూఫులు చూసేవాళ్లు కావలసివస్తే నేను ఉచితంగా చూసి పెడతాను. ప్రతి అడుగునూ నా కంప్యూటర్‌లో చేసి చూశాకే తిప్పి పంపుతాను.

భవదీయురాలు,
మీ పాఠకురాలైన ఒక ప్రూఫ్ రీడర్